నా అంచనాలో నాలుగు వందల అరవై మంది

నా దగ్గర సర్టిఫికెట్లు ఎక్కువ, అనుభవం తక్కువ ఉన్న రోజులవి. (ఇప్పుడు సర్టిఫికెట్లు ఏ బీరువాలో పెట్టానో గుర్తు లేదు. అనుభవం మాత్రం పెట్టిన చోట ఉండదు, అస్తమానం కాళ్ళకి అడ్డం పడుతుంది.) ముందుచూపు అనేది ఒక సబ్జెక్టు అనీ, పుస్తకం చదివి పరీక్ష రాస్తే వస్తుందనీ, రానివాళ్ళు మళ్ళీ ఫీజు కట్టి రాసుకోవచ్చనీ అప్పట్లో నా గట్టి నమ్మకం. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేశాను కాబట్టి ఆ సబ్జెక్టులో నేను పాసయిపోయినట్టే లెక్క.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే (ముందుచూపు లేనివాళ్ళకి వెనకచూపు బాగా ఉంటుంది) నా చుట్టూ ఎంతమంది ముందుచూపుతో బతికేవారో తలుచుకుని నవ్వొస్తుంది. మా అమ్మ నా స్కూలు యూనిఫాం రెండేళ్ళ ముందుచూపుతో కుట్టించేది. ఆ టైలరు ఇంకో ఏడాది ముందుచూపుతో లోపల నాలుగు వేళ్ళ మడత పెట్టేవాడు. దాంతో పదో తరగతి వరకూ నేను నా బట్టల్లోకి ఎదుగుతూనే ఉన్నాను. మా వీధి డాక్టరు గారు ఏ జ్వరానికైనా "మూడ్రోజులు చూసి రండి" అనేవారు, నాలుగో రోజు అది దానంతటదే దిగుతుందని ఆయనకి తెలుసు. విజయవాడ నుంచి ఉయ్యూరు వెళ్ళే బస్సులో ఒక కండక్టరు ఉండేవాడు, నిలబడ్డ ముసలమ్మల్ని పిలిచి "మామ్మగారూ, ఆ పసుపు చొక్కాయన పక్కకెళ్ళి నిలబడండి, కంకిపాడులో దిగుతాడు" అనేవాడు. పసుపు చొక్కాయన ఏమీ చెప్పకపోయినా కంకిపాడులో దిగేవాడు. మా బాబాయి సంగతి సరేసరి, కాలవలు కట్టేసే రోజు పేపర్లో రాకముందే గట్టు మీద నిలబడి నీళ్ళ రంగు చూసి చెప్పేవాడు. వీళ్ళెవరికీ ఫార్ములా తెలియదు కాబట్టి వీళ్ళది ముందుచూపు కాదని, ఉత్త అలవాటని నేను తేల్చేశాను.

ఫార్ములా తెలిసిన నేను గవర్నర్‌పేటలో ఫ్యాన్లూ కూలర్లూ అమ్మే ఒక హోల్‌సేల్ కంపెనీలో చేరాను. వచ్చే నెల ఎన్ని అమ్ముడుపోతాయో ముందే చెప్పడం నా ఉద్యోగం. అంతకుముందు ఆ పని మా ఓనరుగారే చేసుకునేవారు. ఆయన పద్ధతి ఏమిటంటే, వాళ్ళావిడ నవారు మంచం వరండాలో వేయించిన మర్నాడు కూలర్లకి ఆర్డరు పెట్టడం. నేను చేరిన మొదటి వేసవిలో నా గ్రాఫు, ఆవిడ మంచం ఒకే వారంలో కదిలాయి. ఓనరుగారు నన్ను మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు మా నాన్న చెవిన పడింది. నాన్న తెలుగు మాస్టారు, ఆయన చెవిన పడిన మాట వ్యాఖ్యానంతో సహా బయటికొస్తుంది. అలా పదిరోజుల్లో మా చుట్టాలందరిలోనూ, నేను రాబోయేది చెప్పగల పిల్లననే పేరు స్థిరపడింది.

ఆ పేరు పాతబడకముందే మా బాబాయి ఉయ్యూరు దగ్గర వాళ్ళ ఊళ్ళో కొత్త ఇల్లు కట్టి, మాఘమాసంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించాడు.

ఇక్కడ మీకొక పాత గాయం గురించి చెప్పాలి. అంతకు ఆరేళ్ళ ముందు బాబాయి కూతురి ఓణీల ఫంక్షన్‌లో భోజనాలు తక్కువయ్యాయి. రెండో బంతి సగంలో పప్పు, మూడో బంతి మొదట్లోనే పెరుగు అయిపోయాయి. ఆకు ముందు కూర్చున్న పెద్దవాళ్ళు మంచినీళ్ళు తాగి లేచారు. అందులో బాబాయికీ నాన్నకీ అక్కగారైన మా చల్లపల్లి అత్తయ్య కూడా ఉంది. అత్తయ్య నోరు మా వంశంలో అందరికీ తెలిసిన నోరు. ఆ రోజునుంచి బాబాయి ఇంట్లో ఏ కార్యమైనా, చివరికి సత్యనారాయణ వ్రతమైనా సరే, గుమ్మంలో చెప్పులు విప్పుతూనే "నేను మొదటి బంతికే కూచుంటానర్రా, మా తమ్ముడింట్లో రెండో బంతికి గ్యారంటీ లేదు" అనేది. అందరూ నవ్వేవారు. మా పిన్ని కూడా నవ్వేది, నవ్వి వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి వచ్చేది కాదు.

ఒక ఆదివారం పిన్ని నాకు ఫోన్ చేసింది. "అమ్మడూ, నువ్వు కూలర్లు ఎన్ని పోతాయో చెప్తావంట కదా. మనుషులు ఎంతమందొస్తారో చెప్పలేవా? ఎక్కువ చేసి పారబోస్తే మీ బాబాయి బాధపడతాడు. తక్కువైతే ఈసారి నేను ఆ కొత్తింట్లో తలెత్తుకుని తిరగలేనే" అంది. ఆమె గొంతులో ఉన్నది అక్షరాలా భయం. నాకు వినిపించింది మాత్రం అవకాశం. "కూలర్లకంటే మనుషులు తేలిక పిన్నీ, కూలర్ని అడిగితే చెప్పదు, మనుషుల్ని అడిగితే చెప్తారు" అన్నాను. ఇంత తెలివైన వాక్యం నేను మళ్ళీ అనలేదు. ఇంత తప్పు వాక్యం కూడా.

శనివారం సెలవు పెట్టుకుని ఊరికి వెళ్ళేసరికి వంట మేస్త్రి వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆ చుట్టుపక్కల పదూళ్ళ వంటలు ఆయనవే. నేలలో పొడుగ్గా గాడిపొయ్యి తవ్వించి, దాని మీద వరసగా గుండిగలు ఎక్కించి, చేతిలో గరిటెతో అటూ ఇటూ తిరుగుతుంటే రైలింజను డ్రైవరులా ఉండేవాడు. ఎంతమందికి వండాలో చెప్పమని బాబాయి అడిగితే, మేస్త్రి జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ఆ వారంలో ఫ్యాక్టరీ వాళ్ళ కటింగ్ ఆర్డర్లు మన ఊళ్ళో ఎవరెవరికి వచ్చినయ్యండి?"

చెరుకు కొట్టమని ఫ్యాక్టరీ నుంచి కాగితం వచ్చినవాళ్ళు ఆ రోజు పొలంలోనో ట్రాక్టరు మీదో ఉంటారు కాబట్టి భోజనానికి రారని ఆయన లెక్క. తర్వాత, అదే ముహూర్తానికి పక్కూళ్ళో పెళ్ళిళ్ళు ఎన్ని అన్నాడు. కార్డులు మీరు పంచారా, మీ బావమరిది పంచాడా అన్నాడు. అమ్మగారు బొట్టు పెట్టి పిలిచిన ఇళ్ళెన్ని అన్నాడు. అన్నీ విని, చూరు వంక రెండు నిమిషాలు చూసి, "ఏడొందల మందికి చేసుకుందాం బాబుగారూ" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. చూరు వంక చూసి చెప్పేదాన్ని శాంపిల్ అంటారా? "మేస్త్రిగారూ, మీరు మూడు రోజులు ఆగండి. నేను సర్వే చేసి చెప్తాను" అన్నాను.

"చెయ్యండమ్మాయిగారూ. సర్వే చేస్తే హద్దులు తెలుస్తయ్యండి" అన్నాడాయన. ఆయనకి తెలిసిన సర్వే పొలాలది. (నా హద్దు నాకు తెలియలేదన్నది ఆయన ఉద్దేశం కాదు. అది నేను తర్వాత తీసుకున్న అర్థం.)

బాబాయి దగ్గర పిలుపుల పుస్తకం ఒకటి ఉండేది. ఎవరింటికి ఎవరు వెళ్ళి పిలిచారో అందులో రాసుకునేవాడు. అందులో నూట డెబ్భై చిల్లర ఇళ్ళు. నేను విజయవాడ తిరిగొచ్చి, మూడు సాయంత్రాలు ఆ ఇళ్ళన్నిటికీ ఫోన్లు చేశాను. కాగితం మీద మూడు గడులు గీసుకున్నాను: వచ్చేవారు, రానివారు, చెప్పలేనివారు. మూడు సాయంత్రాలు గడిచాక చూస్తే రానివారి గడిలో ఒక్క పేరు లేదు. మా వైపు ఎవరినైనా "వస్తారా?" అని అడిగితే "రాము" అనే మాట వాడుకలో లేదని అప్పుడు తెలిసింది.

"హలో అండీ, నేను ఉయ్యూరు బాబాయి వాళ్ళ అన్నగారి అమ్మాయినండీ..."

"మాస్టారి అమ్మాయివా! పెళ్ళి కుదిరిందా తల్లీ?"

"లేదండీ, గృహప్రవేశం గురించండీ."

"ముందు గృహప్రవేశం, తర్వాత పెళ్ళా? అబ్బాయిది ఏ ఊరు?"

ఇలాంటి అబ్బాయిల్ని దాటుకుంటూ అసలు ప్రశ్నకి వచ్చేసరికి కొన్ని ఇళ్ళకి పావుగంట పట్టేది. అసలు ప్రశ్న "మీరు ఎంతమంది వస్తారండీ?" అన్నది. అది వినగానే అవతల గొంతులో చప్పున మర్యాద పొంగేది. "ఎంతమందేంటమ్మా, ఎవరో ఒకరం వచ్చి మొహం చూపించి వెళ్తాం." "మా ఇద్దరమే తల్లీ, అదీ ఓ ముద్ద తిని వచ్చేస్తాం." "మా ఆయనకి షుగరు, ఆయన్ని అరమనిషి కింద రాసుకో." నేను నిజంగానే అర రాసుకున్నాను. ఒక పెద్దాయన మాత్రం గొంతు తగ్గించి, "అమ్మా, లెక్క ఎందుకడుగుతున్నావు? మీ బాబాయికి ఏమన్నా ఇబ్బందా? మా ఇంట్లో రెండు బస్తాల సన్నబియ్యం ఉన్నయ్, ఎవరికీ తెలియకుండా పంపించమంటావా?" అన్నాడు. నేను నవ్వి వద్దండీ అన్నాను. ఆయన నవ్వలేదు.

అన్నీ కూడితే నాలుగు వందల ముప్ఫై ఎనిమిదిన్నర మంది తేలారు. దానికి ఐదు శాతం జాగ్రత్త కలిపి, అరమనిషిని సౌకర్యం కోసం సర్దేసి, నాలుగు వందల అరవై అన్నాను. కలర్ గ్రాఫు కూడా తీశాను. తర్వాతి ఆదివారం బాబాయి ఇంట్లో అందరి ముందూ ఆ గ్రాఫు పరిచాను. బాబాయి దాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి "బాగుంది" అన్నాడు.

మేస్త్రి మాత్రం "ఇంటింటికీ ఫోన్ చేశారాండీ?" అన్నాడు.

"అన్ని ఇళ్ళకీ."

"తమరే చేశారా? ఎంతమందొస్తారని అడిగారా?"

"అడక్కుండా ఎలా తెలుస్తుందండీ?"

ఆయన భుజం మీది తుండు తీసి మొహం తుడుచుకుని, "అమ్మాయిగారూ, ఒక్క మాటండి, మన వైపు అట్టా..." అని ఏదో చెప్పబోయాడు. "మేస్త్రిగారూ, ఇది డేటా" అన్నాను. డేటా అన్న మాట విన్నాక ఆయన తుండు మళ్ళీ భుజాన వేసుకున్నాడు. బాబాయి లేచి నిలబడి, "మా అమ్మాయి చెప్పిందే ఫైనల్. నాలుగొందల అరవై" అని ప్రకటించాడు. పిన్ని నా వంక చూసింది. నేను కళ్ళతోనే ధైర్యం చెప్పాను. అంత ధైర్యం నాకు ఎక్కడిదో ఈనాటికీ తెలియదు.

గృహప్రవేశం రోజు పూజలన్నీ సవ్యంగా జరిగాయి. ఆవు లోపలికి రానని మొరాయించి, మా నాన్న చదివిన పద్యానికి బెదిరి లోపలికి పరిగెత్తింది. పదకొండున్నరకి ఇంటి పక్క ఖాళీ స్థలంలో టెంటు కింద మొదటి బంతి కూర్చుంది. బంతికి నూట యాభై మంది. నేను టెంటు గుమ్మంలో నోటుబుక్కు పట్టుకుని వచ్చినవాళ్ళకి టిక్కులు పెడుతున్నాను. మొదటి బంతి ప్రశాంతంగా గడిచింది. ఒక్క విషయం మాత్రం వింతగా తోచింది. ఆరేళ్ళుగా మొదటి బంతి తప్పని చల్లపల్లి అత్తయ్య ఆ రోజు కూర్చోలేదు. "తర్వాత కూచుంటాలే" అని వంటల వైపు కుర్చీ వేయించుకుని, విసనకర్ర ఆడిస్తూ చూస్తోంది. నాకు అర్థమైపోయింది. తక్కువయ్యే క్షణాన్ని దగ్గరుండి చూడ్డానికి కాచుకుని ఉంది.

రెండో బంతి లేచేసరికి "మా ఇద్దరమే" అన్నవాళ్ళు తొమ్మిదిమంది దిగారు. "ఎవరో ఒకరం" అన్నవాళ్ళు ట్రాక్టరు ట్రక్కులో కుర్చీలు వేసుకుని వచ్చారు. అరమనిషి గారు అన్నదమ్ములు ముగ్గురితో, వాళ్ళ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన వియ్యంకులతో వచ్చారు. ఆయన నా తల మీద చెయ్యిపెట్టి, "కార్డిచ్చారు, సరే. మీ పిన్ని వచ్చి బొట్టు పెట్టింది, సరే. మళ్ళా ఇంటి ఆడపిల్లవి నువ్వు పేరుపేరునా ఫోన్ చేసి ఎంతమందొస్తారని అడిగితివి. ఇంకా ఇంట్లో పొయ్యి వెలిగిస్తే నీకు మర్యాదగా ఉంటుందా తల్లీ?" అన్నారు.

అప్పుడు తెలిసింది. మా వైపు పిలుపుకి మెట్లుంటాయి. మగవాళ్ళు కార్డిస్తే ఇంటికొకరు. ఆడవాళ్ళు బొట్టు పెడితే పిల్లాజెల్లా. ఆ రెండూ అయ్యాక మళ్ళీ ఇంటివాళ్ళే పనిగట్టుకుని పిలిస్తే, ఇక ఆ పూట ఆ ఇంట్లో వంట లేదు, ఇంటిల్లిపాదీ, ఇంటికొచ్చిన చుట్టాలతో సహా రావాల్సిందే. కూలర్లకి లేని సంప్రదాయం ఇది. వచ్చే జనాన్ని లెక్కపెడుతున్నాననుకుంటూ, మూడు సాయంత్రాలు నేను స్వయంగా వాళ్ళని పిలిచాను. ఎంతమంది అని అడగబట్టి మొహమాటపడి తక్కువ చెప్పారు, అడిగాను కదా అని మర్యాద కొద్దీ ఎక్కువ వచ్చారు. ఒకే ప్రశ్నతో లెక్క తగ్గించి, జనాన్ని పెంచాను. ఇది ఏ పుస్తకంలోనూ లేదు.

మూడో బంతి కూర్చునేసరికి నా టిక్కులు నాలుగు వందల అరవై దాటాయి. పెన్ను ఆగిపోయింది. టెంటు బయట ఇంకా ఒక బజారు నిండా జనం. నాన్న నా పక్కన చేరి, ఆ జనాన్ని తేరిపార చూసి, "సర్వే అంటే సంస్కృతంలో 'అందరూ' అనమ్మా. నువ్వు ఆ పేరు పెట్టినప్పుడే నేను గమనించాల్సింది" అన్నారు. నేను నవ్వలేకపోయాను. టెంటు అవతల పిన్ని కొత్త పట్టుచీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, వడ్డించేవాళ్ళ చేతుల్లో బకెట్ల వంకే చూస్తోంది. అత్తయ్య విసనకర్ర ఆపి లేచి నిలబడింది.

నేను వెనకనుంచి గాడిపొయ్యి దగ్గరికి పరిగెత్తాను. "మేస్త్రిగారూ, నాదే తప్పు. ఎంతమందికి వస్తుంది? ఇప్పుడు అన్నం ఎక్కిస్తే ఎంతసేపవుతుంది? పిన్నికి ఏం చెప్పను?"

మేస్త్రి తాపీగా ఒక గుండిగ మూత ఎత్తి చూపించాడు. నిండా పప్పు. దాని పక్కది ఎత్తాడు. ముక్కల పులుసు, అంచుదాకా. అవతల తాటాకు చాపల మీద వార్చిన అన్నం, గుట్టలాగా. పెరుగు కుండలు వరసగా, మూతికి గుడ్డ కట్టి.

"ఇదంతా నాలుగొందల అరవై మందికేనా?" అన్నాను.

"కాదండి. ఎనిమిదొందల అరవైకండి."

"ఎవరు చెప్పారు?"

మేస్త్రి అటూ ఇటూ చూసి, గరిటె పక్కన పెట్టి, వేళ్ళు మడవడం మొదలెట్టాడు. "నాలుగొందల అరవై తమరిదండి. ఆ సాయంత్రమే బాబుగారు నన్ను చెరువు గట్టుదాకా నడిపించుకుపోయి, 'ఒరే, అమ్మాయి బాగా చదువుకుంది, కానీ ఓ వంద ఎక్కువ వెయ్యి, దానికి చెప్పకు' అన్నారండి. మర్నాడు పొద్దున అమ్మగారు పెరట్లోంచి పిలిచి, 'మేస్త్రీ, నూట యాభై కలుపు. ఆయనకి తెలియనివ్వకు, పిల్లకి అసలే తెలియనివ్వకు' అన్నారండి. మాస్టారు గారు, మీ నాన్నగారేనండి, విజయవాడ నించి ఫోన్ చేసి, 'అమ్మాయి లెక్కలు ఎప్పుడూ తప్పవు, అయినా ఓ యాభై చూడు' అన్నారండి."

నేను కూడుకున్నాను. "ఏడొందల అరవై. ఇంకో వంద మీరు కలిపారా?"

"నాకెక్కడ సందిచ్చారండి?" అన్నాడాయన, కొంచెం నొచ్చుకున్నట్టు. "నా ఏడొందలూ దాటిపోయె. ఆ వందా చల్లపల్లి అమ్మగారిదండి."

"అత్తయ్యా?"

"అవునండి. నిన్న కబురంపి మరీ పిలిపించి, 'ఈసారి మా తమ్ముడి పరువు పోతే నేను నలుగుర్లో తిరగలేను, ఓ వంద వెయ్యి. నేను చెప్పానని ఎవడికన్నా చెప్పావో, నీ గరిటె నీకుండదు' అన్నారండి. పొద్దుటినుంచీ ఆ కుర్చీలో కూచుని గుండిగలు కాపలా కాసేది అందుకేనండి. ఇందాక రెండోసారి వచ్చి పెరుగు కుండలు లెక్కపెట్టుకుపోయారు."

నేను అక్కడే ఒక పీట మీద కూలబడ్డాను. నవ్వాలో ఏడవాలో తేలలేదు. ఆ పొగలో రెండిటికీ కళ్ళు ఒకేలా మండుతాయి కాబట్టి తేల్చుకోవలసిన అవసరమూ రాలేదు. "అయితే నా సర్వే దండగేగా మేస్త్రిగారూ" అన్నాను.

ఆయన ఆలోచించాడు. ఓదార్చడానికి కాదు, నిజంగానే లెక్క చూసుకుంటున్నట్టు. "దండగెందుకవుద్దండి. తమరు ఫోన్లు చెయ్యకపోతే జనం ఏడొందలే వచ్చేవోళ్ళు, నా మాటే నిలబడేది. చేశారు గాబట్టి ఇంతమందొచ్చారు. మళ్ళా తమరు నాలుగొందల అరవై అనబట్టి అందరికీ భయమేసింది. భయమేసింది గాబట్టి తలా ఓ చెయ్యి ఏశారు. తమరు అన్నదానికీ, తమరు చేసినదానికీ సరిగ్గా సరిపోయిందండి" అన్నాడు. ఇంత పెద్ద పొగడ్త, ఇంత పెద్ద తిట్టు ఒకే మాటలో నాకు మళ్ళీ ఎవరూ ఇవ్వలేదు. తర్వాత ఆయన గరిటె అందుకుని, "లేవండమ్మాయిగారూ, పీట ఇవ్వండి, బూరెల బుట్ట దించాలి" అన్నాడు.

నాలుగో బంతి లేచింది, ఐదోది లేచింది. వడ్డన ఆగలేదు. ఐదో బంతిలో ఎవరో పెరుగు రెండోసారి అడిగినప్పుడు, పిన్ని తనే గిన్నె తీసుకుని వెళ్ళి వేసింది. మారు అడగని వాళ్ళకి కూడా వేసింది. వద్దని ఆకు మీద చేతులు అడ్డం పెట్టుకున్న వాళ్ళకి, ఆ చేతుల పక్కనుంచి వేసింది. నా పెళ్ళిలో కూడా పిన్ని అంత సంతోషంగా తిరగడం నేను చూడలేదు.

రెండున్నరకి ఆఖరి బంతి. అది ఇంటివాళ్ళదీ, వడ్డించినవాళ్ళదీ. బూరెలు అయిపోయాయి, వంకాయ కూరలో వంకాయలు వెతుక్కోవాలి, పులుసులో ముక్కల జ్ఞాపకాలు మాత్రం ఉన్నాయి. అన్నం, పప్పు, గోంగూర, పెరుగు కావలసినంత. పిన్ని పక్కన అత్తయ్య కూర్చుంది, అత్తయ్య పక్కన నేను. ఎదుటి వరసలో నాన్న, బాబాయి.

బాబాయి పెరుగన్నం కలుపుతూ గొంతు సవరించుకున్నాడు. "అందరూ వినండి. ఆరేళ్ళ కిందట మా ఇంట్లో ఏం జరిగిందో మీకు తెలుసు. ఇవాళ ఒక్కరు తక్కువనలేదు, బుట్టెడు పారబొయ్యలేదు. ఎవరి వల్ల? మా అమ్మాయి వల్ల! విజయవాడలో కూచుని, కంప్యూటర్ ముందు లెక్క కట్టి చెప్పింది!" అన్నాడు. అంటూ మేస్త్రి వైపు ఒకసారి దొంగచూపు చూశాడు. పిన్ని కూడా చూసింది. నాన్న కూడా. ముగ్గురి చూపులూ మేస్త్రి మీద విడివిడిగా వాలి, ఒకదాన్నొకటి గుర్తుపట్టకుండా తిరిగి వెళ్ళిపోయాయి. మేస్త్రి మాత్రం అప్పడం కొరుకుతూ ఆకాశంలోకి చూశాడు.

అత్తయ్య ఎవరి వంకా చూడలేదు. నా ఆకులో ఇంకో గరిటె పెరుగు వేయించి, అందరికీ వినపడేలా, "ఏమే మేనకోడలా, అసాధ్యురాలివే! ఈ ఇంట్లో ఆఖరి బంతిలో కూచుని పెరుగన్నం తింటానని కల్లో కూడా అనుకోలేదు. నీకున్న ముందుచూపులో సగం మా తమ్ముడికి ఉంటే ఎప్పుడో బాగుపడేవాడు" అంది. బాబాయి గట్టిగా నవ్వాడు. పిన్ని కూడా నవ్వింది, ఈసారి లేచి లోపలికి వెళ్ళిపోలేదు. అక్కడే కూర్చుని, ఆడపడుచు ఆకులో దోసావకాయ బద్ద ఒకటి వేసింది.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. ఒకరి వంద ఇంకొకరికి చెబితే నలుగురూ బయటపడతారు. నలుగురూ బయటపడితే, నా మాట మీద నమ్మకం లేకపోయింది గానీ నా మీద ప్రేమ తక్కువ లేదన్న సంగతి అందరి ముందూ ఆకుల్లో వడ్డించినట్టవుతుంది. ఆ పెళ్ళికాని, గ్రాఫులు గీసే, కళ్ళతో ధైర్యం చెప్పే పిల్లని ఇప్పుడు తలుచుకుంటే, పక్కన కూర్చుని ఒక చిన్న మాట చెప్పాలనిపిస్తుంది. కానీ ఏం చెప్పినా "ఇది డేటా" అంటుంది, నాకు తెలుసు. ఆ రోజు మాత్రం తెరిచిన నోట్లో పెరుగన్నం ముద్ద పెట్టుకుని, తల వంచుకుని, ఆకులోకి చూస్తూ తిన్నాను.

చుట్టాలందరూ అది అణకువ అనుకున్నారు. మా వైపు ఇప్పటికీ నాకు అణకువ గల పిల్లనని పేరు. ఇన్నేళ్ళలో నేను కాదనలేదు.